పొడి మీద వేసిన చుక్క

శేషగిరిరావు చేసిన తప్పు యాసిడ్ చుక్కంత. దాన్ని మోసింది మాత్రం మక్బూల్.

1984 వేసవి. గురజాల దగ్గర సున్నపురాయి సర్వే క్యాంపులో శేషగిరిరావు జియాలజిస్టు. రోడ్డు పక్కన సున్నపు బట్టీ నడిపే బషీరున్నీసా కొత్త గట్టు నుంచి రాయి తెప్పించి, మంచిదో కాదో చూసి పెట్టమంది. ఆయన ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, సుత్తితో రాయి మీద ఒక్కటేసి, రాలిన పొడి మీద యాసిడ్ చుక్క వేశాడు. బుసబుసా పొంగింది. ఫస్టు క్లాసు సున్నపురాయి అనేశాడు. పొడి చేస్తే గోడ సున్నానికి పనికిరాని డోలమైటు రాయి కూడా పొంగుతుందని, ముందు చుక్క వేయాల్సింది రాయి మీదని మొదటేడాది కుర్రాళ్లకు కూడా తెలుసు. ఇంత చదివినాయన టీ చల్లారిపోతుందని తొందరపడ్డాడు.

ఆ రాయి కాల్చిన సున్నంతో గార పూసిన ఒక కొత్త ఇంటి గోడలు కొన్నాళ్లకే బొబ్బలెక్కి పెచ్చులూడాయి. రాయి సరిగా కాల్చలేదని, ఇరవై ఏళ్లుగా బట్టీ చూస్తున్న మక్బూల్‌ను బషీరున్నీసా పనిలోంచి తీసేసింది. కబురు విని శేషగిరిరావు ఈసారి పొడి చేయకుండా ఆ రాయి ముక్క మీదే చుక్క వేశాడు. రాయి పొంగలేదు; ఉలుకూ లేదు, పలుకూ లేదు. సిగ్గుతో చితికిపోయాడు, అయినా వారం రోజులు బట్టీ వైపు వెళ్లలేదు. ఎనిమిదో రోజు మక్బూల్‌ను వెంటబెట్టుకుని బట్టీకి వెళ్లాడు.

ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని, అడుగున పేరుకున్న సున్నపు బురదలోకి ఉప్పునీళ్లు ఇంకి, వాటిలోని మెగ్నీషియం సగం కాల్షియాన్ని తోసేసి ఆ చోట కూర్చుందని, పైకి మాత్రం అది మామూలు సున్నపురాయిలాగే కనిపిస్తుందని చెప్పాడు. అలాంటి రాయి కాల్చిన సున్నం గోడెక్కాక కూడా మెల్లగా ఉబ్బుతూనే ఉంటుందన్నాడు. చెబుతూ చెబుతూ, తాను ఆ సముద్రం వెనక దాక్కుంటున్నానని ఆయనకే తెలిసొచ్చింది.

"తప్పు నాదమ్మా. మక్బూల్ బాగానే కాల్చాడు."

బషీరున్నీసా తల దించుకుంది. "కాల్చిన గడ్డ మీద నీళ్లు పోస్తే మంచి సున్నంలా విచ్చుకోట్లేదని మక్బూల్ అప్పుడే చెప్పాడు సారూ. సారు యాసిడ్ వేసి చూసిన రాయి, నీకేం తెలుసని నేనే కసిరా."

ఆ మాటతో శేషగిరిరావుకు తలెత్తే ధైర్యం కూడా పోయింది. రేపటి నుంచి పనిలోకి రమ్మని ఆమె మక్బూల్‌ను బతిమాలుకుంది. అతను సరేనన్నాడు. శేషగిరిరావు జేబులోని యాసిడ్ సీసా తీసి, ఇక మీదట రాయి నువ్వే చూడమని ఇవ్వబోయాడు.

మక్బూల్ చెయ్యి చాపలేదు. బట్టీ పక్కనున్న నీళ్ల కుండ వైపు చూశాడు.

"అది మీ దగ్గరే ఉంచుకోండి సారూ. నాకు ఆ నీళ్లు చాలు."