నలిపిన పండు

సాయిప్రియ ఫ్రిజ్‌లోంచి చిన్న డబ్బా తీసి వినోద చేతికిచ్చింది. లోపల నల్లటి నీలం రంగులో, గోలీలంతేసి గుండ్రటి పండ్లు.

“బ్లూబెర్రీలు. పాపకి పది నెలలొచ్చాయిగా, ఇవాళ మొదలుపెడదాం. ముందు రెండే పెట్టు, పడతాయో లేదో చూద్దాం,” అని చెప్పి, ఆఫీసు మీటింగుందని గదిలోకి వెళ్ళింది.

శామీర్‌పేట దగ్గరి ఆ కాలనీలో సాయిప్రియ కూతురు అశ్రితను చూసుకోవడానికి వినోద కుదిరి ఆర్నెల్లయింది. పాప స్నానం, తిండి, నిద్ర అన్నీ ఆమె చేతి మీదే. అయినా ఆ పండ్లను ఉన్నవి ఉన్నట్టు పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. రెండింటినీ కోసి, తొక్క తీసి, చెంచాతో నలిపింది. వేలితో తడిమి చూసి మళ్ళీ నలిపింది. పాప గుక్కపెట్టి ఏడుస్తున్నా ఆమెకు నమ్మకం కుదరలేదు.

ఏడుపు విని సాయిప్రియ వచ్చింది. “ఇంత గుజ్జు చేస్తే నమలడం ఎప్పుడు నేర్చుకుంటుంది?” అంటూ డబ్బాలోంచి ఒక పండు తీసి పాప నోటికి అందించబోయింది.

వినోద ఆమె మణికట్టు పట్టేసుకుంది. “వద్దమ్మా! నీ కాళ్లు మొక్కుత, పండు పండే వెట్టకు!”

“ఏమైంది నీకు? చెయ్యి వదులు!”

వదల్లేదు. అలా పట్టుకునే చెప్పింది. మూడేళ్ళ కిందట, తమ ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో, ఆమె కొడుకు విశ్వతేజకు ఏడాదిన్నర. రేగుపండు కావాలని చెయ్యి చాపాడు.

“చిన్న పండే గదా అని నేనే నోట్ల వెట్టిన. గొంతుకు అడ్డం వడ్డది. వీపు సరిసిన, ఎత్తుకొని ఉరికిన. ఆటో దవాఖాన కాడికి వోకముందే సల్లవడ్డడు.”

సాయిప్రియ చేతిలోని పండును తిరిగి డబ్బాలో వేసింది. “నువ్వు కూర్చో, నేను పెడతాను,” అంది మెల్లగా.

“నేనే పెడ్తనమ్మా.”

చెంచా కొసన కొంచెం అందించింది. పులుపుకి పాప మూతి ముడిచి, మళ్ళీ నోరు తెరిచింది. ప్రతి ముద్దా గొంతు దిగిందని చూసుకున్నాకే వినోద ఇంకో ముద్ద పెట్టింది.

ఆమె భర్త బాలేష్ కండ్లకోయలో కాలేజీ బస్సు నడుపుతాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ తనే అంది: “ఇయ్యాల పాపకు పండు వెట్టిన.”

అన్నం కలుపుతున్న బాలేష్ చెయ్యి ఆగిపోయింది. “మెత్తగ జేసినవా?”

“జేసిన.”

బాలేష్ కంచం పక్కకు జరిపాడు. “మనకు గూడ ఎవరన్న జెప్పి ఉంటే…” అన్నాడు. వినోద గిన్నె కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. ఆ పూట ఇద్దరూ తినలేకపోయారు.