పలకని ట్వీటర్

నా భార్య సంతానలక్ష్మి నన్ను పిలవకుండానే చచ్చిపోయింది. పక్షవాతంతో ఆమెకు మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ఎడమచేతికి పూజలో కొట్టే చిన్న ఇత్తడి గంట నేనే ఇచ్చాను. ఏం కావాలన్నా కొట్టమన్నాను. మూడు నెలల్లో ఒక్కసారి కూడా మోగలేదు. ఎప్పుడు వెళ్లినా గంట ఆమె చేతిలోనే ఉండేది, కళ్లు మాత్రం ఎర్రగా నా మీద ఉండేవి. పంతం అనుకున్నాను.

చివరి రోజు పొద్దున నేను ముందుగదిలో రేడియో వింటూ కూర్చున్నాను. గంజి తీసుకుని వెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది. గంట మంచం కింద పడి ఉంది.

శవం లేవకముందే పక్కింటి జక్కమ్మ పదిమందిలో అన్నది: "గంట మోగతానే ఉన్నిందే మామా, నీకు ఇనపడలేదా?"

నన్ను నలుగురిలో దోషిని చేయాలని చూసింది. ఆనాటి నుంచి ఆమెతో మాట లేదు. రెండేళ్లయింది. చచ్చినదాన్నీ క్షమించలేదు, బతికున్నదాన్నీ క్షమించలేదు.

ముప్పైనాలుగేళ్లు నూలు మిల్లులో పనిచేసిన ఒళ్లు ఇది, ఊరికే కూర్చోదు. రేడియో పాడైతే కొత్తది కొనకుండా ఆంప్లిఫయర్ కిట్ తెచ్చుకున్నాను. ఒక బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద స్పీకర్, సన్న స్వరాలు పలికే చిన్న ట్వీటర్. కాగితంలో చూపినట్టే అన్నీ ఒక పెట్టెలో అతికించాను. ఫోను తగిలిస్తే పాట వచ్చింది. కానీ ఎవరో కంబళి కప్పుకుని పాడుతున్నట్టుంది. డోలు వినిపిస్తుంది, తాళం వినిపించదు.

ట్వీటర్ పలకడం లేదన్నమాట. మీటరు పెట్టి చూశాను, తీగ తెగలేదు. దాని ముందున్న కెపాసిటర్ మార్చాను. సోల్డర్ అంతా కరిగించి మళ్లీ పెట్టాను. వేరే ట్వీటర్ తెచ్చి వేశాను. అదే కంబళి. అంగడివాడు రెండుసార్లూ నాసిరకం అంటగట్టాడని తేల్చుకున్నాను. పెట్టెను సంచిలో వేసుకుని టౌన్ బస్సెక్కాను.

"ఏమప్పా వినోత్, చచ్చిన ట్వీటర్లే అమ్ముతావా?"

"మళ్లా వచ్చినావా మామా? నా పెండ్లానికన్నా నువ్వే ఎక్కువ తిడతావు నన్ను. ఇట్ల తా."

పాట పెట్టి విన్నాడు. "బానే పాడతాదే. ట్వీటర్ కొంచెం ఎక్కువగానే కీచుమంటాది."

"అబద్ధం చెప్పొద్దు."

"సరి, ఉండు. పాట వద్దు, వట్టి సత్తం పెడతా. నువ్వే చెప్పు."

ఫోనును పెట్టెకు తగిలించాడు. బొంయ్‌మని ఒక స్వరం మొదలైంది. మెల్లగా పైకి పోయింది. సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది.

"చూసినావా, ఆగిపోయింది!" అన్నాను.

"ఎక్కడ ఆగింది మామా?"

ఎదురుగా టీ కొట్టులో సుబ్బమ్మాళ్ రెండు చెవులూ మూసుకుని అరిచింది: "ఒరే వినోతూ, ఆపరా ఆ సనియన్ కూతను! నా పాలు విరిగిపోతాయి!" మెట్టు మీద పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటింది.

ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారనిపించింది. పెట్టె వెనక్కి చెయ్యి పెట్టి, వినోత్‌కు కూడా కనబడకుండా, ట్వీటర్ తీగ లాగేశాను. సుబ్బమ్మాళ్ చేతులు చెవుల మీదినుంచి దిగాయి. తీగ పెట్టాను. చేతులు మళ్లీ చెవులకు పోయాయి. మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ అంతే. నా చెవులకు మాత్రం తీసినా పెట్టినా ఒకటే.

వినోత్ ఫోను ఆపాడు. "మిల్లులో ఎన్నేళ్లు మామా?"

"ముప్పైనాలుగు."

"మిల్లు రొదకు మా నాయనకూ ఇదే. మాట ఇనపడతాది గదా, అందుకని తెలిసిరాదు. సన్న సత్తాలే పోతాయి. కుక్కర్ విజిలు, గంట..."

ఆ తర్వాత వాడేం చెప్పాడో నాకు తెలియదు. పెట్టె అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. ఏ బస్సెక్కానో గుర్తులేదు.

గంట గూట్లో ఉంది. రెండేళ్లుగా ముట్టుకోలేదు. చెవి పక్కన పెట్టి ఊపాను. చెక్క మీద మేకు తగిలినట్టు టక్కుటక్కుమంది. చెయ్యి చాచి ఊపాను. లోపలి నాలుక అటూ ఇటూ పోవడం కనిపించింది. అంతే.

పెరట్లోకి వెళ్లాను. గోడ అవతల జక్కమ్మ నాకు వీపు పెట్టి కూర్చుని కూలికి బ్యాండేజ్ గుడ్డ చుట్టలు చుడుతోంది. గంట ఊపాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. గుడ్డ చుట్ట ఒళ్లోంచి జారి నేల మీద దొర్లిపోయింది. వెనక్కి తిరగలేదు. భుజాలు బిగుసుకున్నాయి.

"ఎవురది?"

"నేనే జక్కమ్మా."

తిరిగింది. ముందు గంటను చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఏమి మామా ఇది! నా గుండె ఆగిపోయుండును."

"ఆ దినం ఎంతసేపు మోగింది?"

"పొయ్యి మీది బియ్యం ఉడికి, నేను గంజి వార్చేదాకా."

"మరి నువ్వెందుకు రాలేదు?" తప్పు ఇంకొకరి మీద వేయడం నాకు అలవాటు.

"నువ్వు ఇంట్లోనే ఉండావే మామా. రేడియో పాడతా ఉన్నింది. మొగుడు ఉండంగా నేనెందుకని..."

ఆమె గోడ దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చాలు మామా. ఆపు."

చూసుకుంటే, నా చెయ్యి ఇంకా గంటను ఊపుతూనే ఉంది. మోగుతోందని ఆమె ఆపమంటేనే తెలిసింది.