నిలుచున్న గడి

పిచ్చుక అని అందరూ పిలిచే అయిదేళ్ల పిల్లను కింది తరగతికి దించాలన్న నిర్ణయం దాదాపు అయిపోయింది. "నాలుగో మెట్టు మీద నుంచి మూడు మెట్లెక్కితే ఎక్కడుంటావు?" అని పెద్ద టీచరు నిన్న అడిగితే, ఆ పిల్ల తడుముకోకుండా "ఆరు" అంది. ఎన్ని మెట్లడిగినా జవాబు తప్పే. తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నా పెద్ద టీచరు మెత్తబడలేదు. జాలి వేరు, న్యాయం వేరన్నది ఆవిడ పద్ధతి.

ఒక్కసారి ఆట చూసి తీర్పు చెప్పండని తరగతి టీచరు పట్టుబట్టడంతో, చూస్తే పోయేదేముందని పెద్ద టీచరు వచ్చి గోడవార కుర్చీలో బిగుసుకుని కూర్చుంది.

చాప మీద పాములూ నిచ్చెనల అట్ట. చుట్టూ నలుగురు పిల్లలు. కాయలకు బదులు చొక్కా గుండీలు. పిచ్చుక పాచిక వేస్తే మూడు పడింది. గుండీ మాత్రం రెండు గళ్లే కదిలింది.

"తొండి! టీచర్, ఇది తొండాట!" లాయరని పేరుపడ్డ పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"తొండి చేసి వెనకబడేవాళ్లు ఎక్కడైనా ఉంటారా, లాయరుగారూ?" అంది తరగతి టీచరు. గుండీని తాను జరపలేదు. "ఎలా లెక్కపెట్టావో నాకూ చూపించు తల్లీ."

పిచ్చుక తన గుండీ మొదట ఉన్న గడి మీదే వేలు పెట్టి "ఒకటి" అంది.

"అక్కణ్ణించేనా?"

"నేనిక్కడున్నాను కదా టీచర్! నన్ను లెక్కపెట్టరా?"

పెద్ద టీచరు ముందుకు వంగింది. నిన్నటి తప్పులన్నీ ఒక్క తప్పే!

"ఎందుకు పెట్టం?" అంది తరగతి టీచరు. " పోయిన వంతులోనే పెట్టేశాంగా. ఇప్పుడు గెంతితేనే ఒకటి. కూర్చుంటే గెంతినట్టా?"

పిల్ల పకపకా నవ్వి, గుండీని గెంతించి సరైన గడిలో పెట్టింది.

మళ్లీ తన వంతు వచ్చేసరికి నాలుగు పడింది. సరిగ్గా నాలుగో గడిలో పాము నోరు తెరుచుకుని ఉంది.

"పాత లెక్క పెట్టుకోవే, బతికిపోతావు!" లాయరే గుసగుసగా సలహా ఇచ్చాడు.

పిచ్చుక పాము వంక చూసింది. "ఒకటి, రెండు, మూడు..." గుండీ పాము నోటి ముందు ఆగింది. "నాలుగు." గుండీని తానే తోక దాకా జార్చుకుంది.

పెద్ద టీచరు లేచి తరగతి టీచరు వైపు తిరిగింది. "జవాబు తప్పని నేను పట్టుకున్నాను. ఎందుకు తప్పిందో నువ్వు పట్టుకున్నావు. పెద్ద పని నీదేనమ్మా. పిల్ల ఇక్కడే ఉంటుంది. వాళ్లమ్మకు నేనే..."

"పెద్ద టీచర్, ఆట మధ్యలో మాట్లాడకూడదు!" అన్నాడు లాయరు.

ఆవిడ బుద్ధిగా కూర్చుంది.