రెండో పేరు

ఆ ఒక్క ఎర్ర చుక్క కూడా పచ్చబడితే చాలు, నూట ఎనభై ఆరుకి నూట ఎనభై ఆరు డబ్బాలూ దారికొచ్చినట్టే, అనుకుంటూ అతను తెర మీదికి కొంగలా మెడ చాచాడు, రెండో అంతస్తులో ఏ మహాతల్లో ఫోను ఛార్జింగుకని డబ్బా ప్లగ్గు పీకేసి ఉంటుంది, డబ్బా అంటే మామూలు కంప్యూటరా, అరచెయ్యంత థిన్ క్లయింటు, సొంత బుర్ర లేనిది, ఈ నీళ్ళ ఆఫీసు నాలుగంతస్తుల్లో ఉన్న ఆ సంతానం మొత్తానికి బుర్ర ఒక్కటే, సర్వరు, అది కిటికీ లేని ఈ గదిలో, తన వీపు వెనకే, పడిశం పట్టిన ఏనుగులా గురకపెడుతోంది, వాటన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేరు పెట్టడం ఇవాళ్టితో సరి, ఇక ఎవరి డబ్బా మొరాయించినా మెట్లెక్కక్కర్లేదు, ఈ కుర్చీలోంచే ఒక్క నొక్కు, ఈ కుర్చీలోంచే, పదకొండు నెలలుగా కూర్చుని కూర్చుని, లేస్తే కుర్చీ కూడా అంటుకుని వెంట లేస్తుందేమోనని ఈమధ్య నిజంగానే అనుమానం.

భార్య పాపని తీసుకుని వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళి కూడా పదకొండు నెలలే, నెల్లో వచ్చేస్తానన్నాడు తను, పొద్దున మళ్ళీ ఫోను, వస్తున్నారా లేదా, అయిపోవచ్చిందే అన్నాడు, పోయిన నెలా ఇదే పాటగా, మీ నాన్న ఏం చేస్తారని టీచరడిగితే పాప ఏమందో తెలుసా, అయిపోవచ్చిందంటారు అందిట, నవ్వబోతే నవ్వు సగంలో ఇరుక్కుంది, సోమవారం చేరకపోతే ఈ ఊళ్ళో మీకిచ్చిన ఉద్యోగం ఇంకొకరికిస్తారట, తర్వాత మీ డబ్బాలతోనే కాపరం చెయ్యండి, అని పెట్టేసింది, ఇవాళ శుక్రవారం, రాజీనామా కాగితం మేనేజరు బల్ల మీద పేపర్‌వెయిట్ కింద ఊపిరాడక పడి ఉంది, సంతకానికేం నాయనా, చిటికెలో పెడతాను, నీ తర్వాత ఇదంతా ఎవరికి తెలుసో ఒక్క పేరు చెప్పు, నువ్వు పోతే ఊరి కుళాయిలు కూడా ఏడుస్తాయి, అంటూ ఆయన భుజం తట్టాడు, ఎవరికీ తెలీదు సార్, అన్నాడు తను, అంటూంటే నోట్లో బెల్లంముక్క కరిగినట్టు అయిందే, ఎందుకయింది, ఏడవాల్సిన చోట ఆ తీపేమిటి.

చుక్క పచ్చబడింది, అబ్బ, వెంటనే తెర మీద ఒక ఖాళీ గడి, రెండో నిర్వాహకుడి పేరు రాయండి, అంటే తను లేనప్పుడు ఇదంతా నడిపేవాళ్ళ పేరు, కింద తర్వాత చూద్దాం అనే మీట, వేలు అలవాటు కొద్దీ దాని మీదికే పోయింది, ఈ గడి ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు తర్వాత చూద్దామన్నాడో, అంతలో తలుపు తోసుకుని జిరాక్స్ మిషను చూసే అక్క, తిట్టకు తమ్ముడూ, ప్లగ్గు నేనే పీకా, మళ్ళీ పెట్టేశాలే, అయినా నాలుగుసార్లడిగా, ఈ డబ్బాల పనేదో నాకు నేర్పి చావకూడదూ, మీకెందుకక్కా తలనొప్పి, ఆ మాట తన నోట్లోంచే వచ్చింది, అయిదోసారి, అక్క మూతి ముడిచింది, మా ఇంట్లో నలుగురు మగాళ్ళయ్యా, దీనికంటే తలనొప్పా, అక్కడ, ఆ కొత్త ఆఫీసులో, నలభైమందిలో తనొకడు, లేకపోయినా ఎవరి పనీ ఆగదు, ఆ ఊహకే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు, అదన్నమాట, మేనేజరు కాదు, డబ్బాలు కాదు, పదకొండు నెలలుగా ఈ గది గొళ్ళెం లోపలివైపే ఉంది, రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని వేసుకుంటున్నది తనే, వేలు ఆ మీట మీంచి తీసి ఖాళీ గడి మీద పెట్టి అడిగాడు, అక్కా, మీ పూర్తి పేరేంటి.