ముందుకు జరిపిన సీటు

కోరల్ శాండ్‌విచ్‌ల అంచులు కోస్తోంది. లోపల ఉడికిన గుడ్డు, కాస్త మసాలా పొడి, వెన్న. అంచులుంటే డెస్‌కి గొంతు దిగదు. పళ్లన్నీ రాళ్లలా ఉన్న డెబ్బై దాటిన మనిషికి రొట్టె అంచు ఎందుకు దిగదో ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు ఐవీ చెప్పింది, "మావాడికి అంచులు తీసి పెట్టాలమ్మాయ్, చిన్నప్పట్నుంచీ అంతే" అని. అంతే అంటే అంతే. కోసిన అంచుల్ని పారేయబుద్ధి కాక ఆమే టీలో ముంచుకుని తింటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె వంతుకు అంచులే వచ్చాయి.

"ఏమోయ్, టీ ఏదీ?" షెడ్‌లోంచి డెస్ కేక వేశాడు. "పాపం రస్సెల్ మిల్డూరా నుంచి బండిని ట్రాలీ మీద లాక్కొచ్చాడు. కడుపులో ఏం పడ్డట్టు లేదు."

బల్లారాట్‌లో జూలై అంటే నడి చలికాలం, చలి ఎముకలు కొరుకుతుంది. కోరల్ ట్రే పట్టుకుని పెరడు దాటి షెడ్‌లోకి వెళ్లింది. వెళ్లి, గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దున బండి దించుతుంటే ఆమె బయటికి రాలేదు. రాకుండా ఉండటానికి ఇంట్లో పనులు వెతుక్కుంది.

నారింజ రంగు వాలియంట్ ఛార్జర్ కారు. పొడుగు మూతి, వెనక్కి వాలిన కప్పు. మూతి కింద మూడు కార్బురేటర్ల ఇంజన్ ఇప్పుడు తుప్పు ముద్ద. రస్సెల్ దాన్ని ఒక కోళ్ల ఫారంలో గడ్డిమోపుల కింద పట్టుకున్నాడు. బ్యాంకు ఉద్యోగం వదిలేశాక ఈ పాత బండ్ల పిచ్చి పట్టిందట ఆయనకి. కోళ్ల రైతుకి అమ్మింది ఎవరు, వాడికి అమ్మింది ఎవరు అని అడుగుతూ, బ్రోకెన్ హిల్‌లో గొర్రెల బొచ్చు కత్తిరించే ముసలాయన దాకా వెళ్లి, అక్కణ్నుంచి డెస్ పేరు పట్టుకున్నాడు. 1973లో డెస్‌కి టాలింగా ఆరుగంటల కార్ల పందెం గెలిపించిన బండి ఇదేనని ఆయన నమ్మకం. క్వీన్స్‌లాండ్‌లో ఇంకో పెద్దమనిషి, కాదు, అసలు బండి నా దగ్గరుందని కూర్చున్నాడు. వచ్చే ఏడాది పాత పందెం బండ్ల ఊరేగింపు. అసలు బండి ఏదని క్లబ్బు పెద్దలు తేలుస్తారో అది ముందు నడుస్తుంది. ఇదే అని తేలితే దాన్ని నడపబోయేది డెస్. వారం రోజులుగా ఆయన కాళ్లు నేలమీద ఆనడం లేదు.

రస్సెల్ బండి తలుపులో తల దూర్చి, బోర్లా పడుకుని, టార్చిలైటుతో నేల వెతుకుతున్నాడు.

"అన్నీ సరిపోయాయి డెస్ గారూ," అంటున్నాడు లోపలి నుంచే. "తలుపుకి పందెంలో డ్రమ్ము తగిలిన సొట్ట ఉంది. రంగు గీకితే కింద పందెం అంకె ఉంది. ఈ సీటు సంగతొక్కటే మింగుడు పడటం లేదు."

"సీటుకేమైంది?"

"బోల్టులు బిగించిన రంధ్రాలు రెండు జతలున్నాయండీ. వెనక జత మీకు సరిపోతుంది. ముందు జత ఎవరికి? సీటు అంత ముందుకి జరిపితే మీ మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకుంటాయి. మీతో పాటు నడిపిన కెల్ గారు మీకంటే బెత్తెడు ఎత్తు. క్వీన్స్‌లాండ్ ఆయన దీన్నే పట్టుకున్నాడు. అది ఎవరో పొట్టివాడి బండి, పందెం బండి కాదు పొమ్మంటున్నాడు."

"మంటలార్పే సిలిండరు పెట్టామేమో..."

"అది అవతలి పక్క ఉంది కదండీ."

డెస్ గొంతు సవరించుకున్నాడు. కోరల్ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆమెకి అర్థమైంది. ఆమె ట్రే బల్ల మీద పెట్టి, చక్కెర మర్చిపోయానని చెప్పి వంటింట్లోకి వచ్చేసింది. చక్కెర ట్రేలోనే ఉంది.

ఆ రంధ్రాలు పడుతున్నప్పుడు ఇనప పొట్టు తన బూట్ల మీద రాలడం ఆమెకి ఇప్పటికీ గుర్తే. పందెం ముందు రోజు సాయంత్రం కెల్ తప్పతాగి పబ్బు మెట్ల మీంచి దొర్లి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఒక్కడే ఆరుగంటలూ నడపకూడదని నిబంధన. పొద్దున్నే డెస్ ఒక టైరు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి తలెత్తి ఆమెను చూశాడు. "మీ నాన్న గోధుమ లారీ బురదలో నడిపేదానివి కదా," అన్నాడు. టాలింగాలో ఆడవాళ్లకి అసలు పందెంలోకి ప్రవేశం లేదు. మధ్యాహ్నం మగవాళ్లు బీరు తాగే వేళకి ఆడవాళ్ల పందెమని ఒకటి పెట్టేవాళ్లు, జనం నవ్వుకోవడానికి. కోరల్ ఒక ఏడాది అది గెలిచింది. బహుమతి ఇస్త్రీపెట్టె. దాంతో పదేళ్లు డెస్ చొక్కాలు ఇస్త్రీ చేసింది. మిగతా పందేలన్నిటికీ ఆమె పని ట్రాక్ పక్క గోడమీద కూర్చుని స్టాప్‌వాచీ పట్టుకుని టైము రాయడం, గుడ్డు శాండ్‌విచ్‌లు పంచడం, గ్రీజు మరకల దుస్తులు ఉతకడం. టైము రాసీ రాసీ ఏ మలుపులో ఎవడు జంకుతాడో ఆమెకి నోటికొచ్చు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలీదు.

డెస్ తనే సీటు ముందుకి జరిపి బిగించాడు. మొదటి సగం మోకాళ్లు ముడుచుకుని తిట్టుకుంటూ నడిపాడు. తర్వాత కోరల్ ఎక్కింది. కెల్ దుస్తులు, భుజాలు ఎత్తుగా కనబడటానికి లోపల తువ్వాళ్లు, మొహం కనబడకుండా నల్ల అద్దం హెల్మెట్. కెల్‌ని ట్రాలీలో టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. కాసేపటికి వాన అందుకుంది. పేరు మోసిన మొనగాళ్లంతా బ్రేకుల మీద కాళ్లేసి తూలుతుంటే, కోరల్‌కి తండ్రి పొలం దారి గుర్తొచ్చింది. బండి ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పు, భయపడి బ్రేకు తన్నకు, అంతే. పాలకేంద్రం మలుపు దగ్గర ఒక చక్రం గడ్డి మీదికి వదిలి ఒకణ్ని దాటింది, తర్వాత ఇంకొకణ్ని. చేతులు బొబ్బలెక్కాయి. హెల్మెట్‌లో పిచ్చిదానిలా నవ్వుకుంది. ఆ మధ్యాహ్నమంతా ఎవరూ ఆమెని టీ అడగలేదు. అంత సంతోషం ఆమెకి పెళ్లిలోనూ లేదు, కూతురు పుట్టినప్పుడూ లేదు. ఉందని చెప్తే అబద్ధం.

గెలిచింది. గెలిచిన బండిని నేరుగా షెడ్ వెనక్కి పోనిమ్మని డెస్ చెయ్యి ఊపాడు. హెల్మెట్ ఊడదీసి కెల్ తలకి పెట్టారు. విరిగిన చేతికి గ్లవ్ తొడిగారు. మగవాళ్లిద్దరూ వెళ్లి బహుమతి కప్పు ఎత్తారు, జనం కేరింతలు కొట్టారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! కోరల్ తడిసిన జుట్టు దువ్వుకుని శాండ్‌విచ్‌ల పెట్టె తెరిచింది. నిర్వాహకుల్లో ఒకాయన రెండు తీసుకుని, "ఏమ్మా, ఇవాళ గోడమీద కనపళ్లేదే?" అన్నాడు. "తలనొప్పని కారవాన్‌లో పడుకుందిలెండి, ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా," అన్నాడు డెస్. నలుగురూ నవ్వారు. మర్నాడు ఆమె అరచేతులు చూసి ఐవీ పెదవి విరిచింది. "గ్లవ్స్ లేకుండా గిన్నెలు తోమితే అంతే మరి. ఒళ్లు దాచుకోవడం తప్ప ఒద్దిక తెలీదు మీ కాలం పిల్లలకి." కోరల్ ఆ చేతులతోనే ఆవిడ గిన్నెలు కూడా తోమింది.

"వచ్చే ఏడు నీ పేరే రాయిస్తా, ఒట్టు," అన్నాడు డెస్ ఆ సాయంత్రం. వచ్చే ఏడు వచ్చేసరికి ఆమె కడుపుతో ఉంది. బండి అమ్మేశారని, తాళం కోసం వచ్చిన మనిషి చెప్తే తెలిసింది. ఆ కప్పు పేరు మీదే గ్యారేజీ పెట్టారు. ముప్ఫై ఏళ్లు గ్యారేజీలో జీతం లేకుండా ఫోనెత్తిందీ ఆమే. "మగాళ్లెవరైనా ఉంటే పిలువమ్మా, ఇంజన్ సంగతి మాట్లాడాలి," అనేవాళ్లు అవతల. ఇంజన్ చప్పుడు ఫోన్లో విని, లోపం ఏమిటో తెలిసి కూడా, ఆమె "ఒక్క నిమిషం" అని డెస్‌ని పిలిచేది.

అదంతా ఒక ఎత్తు. ఐదేళ్ల క్రితం కెల్ పోయినప్పుడు చర్చిలో డెస్ లేచి మాట్లాడాడు చూడండి, అదొక ఎత్తు. "పాలకేంద్రం మలుపులో మావాడు ఒక చక్రం గడ్డి మీదికి వదిలాడు..." అంటూ మలుపు మలుపూ వర్ణించాడు. ఆ మాటలన్నీ పందెం నుంచి తిరిగొచ్చేటప్పుడు కోరల్ ఆపుకోలేక తనకి చెప్పినవే. వెక్కిళ్లు పెట్టి మరీ చెప్పాడు. కెల్ భార్య మావిస్ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రోజు వచ్చినవాళ్లకీ శాండ్‌విచ్‌లు కోరల్‌వే.

వంటింటి తలుపు కిర్రుమంది. డెస్ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు?" అంది కోరల్. "ఉన్నది చెప్పెయ్యి డెస్. ఇన్నేళ్లయింది, ఇప్పుడు నిన్నెవరు జైల్లో పెడతారు? కెల్ కూడా లేడు."

"మావిస్ ఉంది కదే! వాళ్లాయన వానలో నడిపాడన్న తృప్తి ఒక్కటే మిగిలింది దానికి. అది కూడా లాగేస్తావా?"

"నాది లాగేసుకున్నప్పుడు మీకు ఎవరి ఏడుపూ గుర్తు రాలేదే!"

"అబ్బబ్బ, ఎప్పటి సంగతో తవ్వి తీస్తావేం? ఆ రోజు నువ్వు సాయం చేశావు, కాదన్నానా? ఇంటిమనిషి సాయం చేస్తే ఎవడైనా పేపరుకెక్కిస్తాడా?" డెస్ గొంతు దిగింది. "ఆఖరి రోజుల్లో నన్ను దొంగని చెయ్యకు, కోరల్. ఒక్కసారి ఆ బండి నడపనీ."

సాయం. కోరల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. నేనూ నా పేరుతో ఒక్కసారి నడపాలనే కదయ్యా అప్పుడూ ఇప్పుడూ కోరుకుంది అని అనబోయింది. ఈయన దొంగ కాకుండా ఉండాలంటే తను లేకుండా పోవాలి. ఇన్నేళ్లూ ఆ పని చక్కగా చేసింది, చేస్తున్నానని తెలియకుండానే చేసింది. మావిస్ బాధపడుతుంది, నిజమే. ఆ మాట వాడుకునేటప్పుడు డెస్ మొహంలో మావిస్ మీద జాలి మాత్రం లేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక తెరవడానికి రోజంటూ ఉండదు. రేపు తను పోతే ఇదే డెస్ ఇదే చర్చిలో లేచి, మా ఆవిడ శాండ్‌విచ్‌లు అమృతం అంటాడు. అందరూ తలలూపుతారు. కోరల్ అంచులు పోగేసిన పళ్లెం చూసింది. తినలేదు, చెత్తబుట్టలో ఒంపేసింది. ఆయన వెనకాలే షెడ్‌లోకి నడిచింది.

"గుర్తొచ్చిందయ్యా రస్సెల్!" అన్నాడు డెస్ అడుగుపెడుతూనే, చేతులు రుద్దుకుంటూ. "వయసు చూడు, ఎంత మతిమరుపో! ఇదిగో, మా ఆవిడే ఆ పొట్టి మనిషి. పందేలయ్యాక దుకాణానికి వెళ్లడానికి పనికొస్తుందని సీటు ముందుకి జరిపి ఇచ్చాను."

రస్సెల్ లేచి నిలబడి తొడ చరిచాడు. మొహం వెలిగిపోయింది. "ఓరి దేవుడా, అంతేనా! పందెం గెలిచిన బండి సీటుని భార్య సరుకుల కోసం జరిపారా! ఎంతమంది మొగుళ్లు చేస్తారండీ ఈ పని? అదృష్టవంతులండీ కోరల్ గారూ మీరు. క్లబ్బు వాళ్లకి ఈ కథ తెగ నచ్చుతుంది."

"మరి! మా ఆవిణ్ని మహారాణిలా చూసుకున్నా," అని డెస్ శాండ్‌విచ్ అందుకున్నాడు.

రస్సెల్ జేబులోంచి ఫోన్ తీసి, ఏదో నొక్కి, కోరల్ ముందుకి చాచాడు. మంచి మనిషి, మర్యాదగా ఒకడుగు దూరంలోనే నిలబడ్డాడు. "మీ నోటితో ఒక్క మాట చెప్పండి కోరల్ గారూ. పెద్దలకి ఇదే వినిపిస్తాను, క్వీన్స్‌లాండ్ ఆయన నోరు మూతపడుతుంది. సరుకులు తెచ్చుకోవడానికి ఈ బండి నడిపేవారు, అంతేగా?"

డెస్ నమలడం ఆపాడు. తల కొంచెం ఊపాడు, ఊఁ అను అన్నట్టు. పెళ్లయిన రోజు నుంచీ ఆ తల ఊపు చూసి ఆమె ఎన్నిటికి ఊఁ అందో లెక్కలేదు. కోరల్ బండి దగ్గరికి వెళ్లింది. తలుపు తీసి, తుప్పు పట్టిన నేల మీద ముందు జత రంధ్రాల మీద వేలు పెట్టింది.

"దుకాణానికి నేనెప్పుడూ బస్సులోనే వెళ్లాను రస్సెల్ గారూ," అంది ఫోన్‌లోకి నిదానంగా. "ఈ బండి తాళం నా చేతికి ఒకే ఒక్కసారి ఇచ్చారు. టాలింగాలో, పందెం సగం మిగిలి ఉండగా."