బొంగరం బూట్లు

వడ్రంగి భార్యని వీధిలో అందరూ బొంగరం అనేవాళ్లు. ఆమె పాదాలు రెండూ లోపలికి వాలి ఉండేవి. అందుకని ఎటు బయల్దేరినా, నడిచినా పరిగెత్తినా, దారి మెల్లగా వంగి ఆమెని మళ్లీ తన గుమ్మం ముందే దింపేది. ఉదయం వడ్రంగి సైకిలు మీద ఎక్కించుకుని బస్టాండులో ఆమె పనిచేసే టిక్కెట్ల కౌంటరు దగ్గర వదిలేవాడు. సాయంత్రం కాళ్లే ఆమెని ఇంటికి తెచ్చేవి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. పక్కింటి ముసలాయన మాత్రం, "మా ఆవిడకీ అలాంటి కాళ్లుంటే బజారులో వెతుక్కునే బాధ తప్పేది" అనేవాడు.

వడ్రంగికి ఇది హాయిగా ఉండేది. భార్య రావడం ఆలస్యమైతే మిగతా మగవాళ్లు కాలుగాలిన పిల్లిలా తిరుగుతారు. ఇతను నిశ్చింతగా చిత్రిక పట్టుకుంటూ కూర్చునేవాడు. "ఎక్కడికి పోతుంది, వచ్చేస్తుంది" అనేవాడు.

చిక్కంతా ఫైర్ స్టేషన్ ఉద్యోగంతో వచ్చింది. టిక్కెట్లు చింపి చింపి విసుగెత్తిన బొంగరం దానిమీద మనసు పడింది. పరీక్ష ఒక్కటే. స్టేషన్ గేటు నుంచి ఊరవతల నీళ్ల ట్యాంకు దాకా తిన్నగా పోయే రోడ్డు మీద పరుగు. రెండేళ్లు వరసగా ఆమె అందరికంటే ముందు దూసుకుపోయింది, రెండేళ్లూ రొప్పుకుంటూ తన గుమ్మం ముందే తేలింది. ట్యాంకు దగ్గర నించున్న అధికారులు ఆమె రాలేదని రాసేసి భోజనాలకి వెళ్లిపోయారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

"ఇక జన్మంతా ఆ టిక్కెట్ల కిటికీలోనే" అంది ఆమె, ఏడుపు రాకుండా చూసుకుంటూ.

అప్పుడే ఎవరో, కాలి తీరుని బట్టి బూట్లిచ్చే షాపు సంగతి చెప్పారు. ఇద్దరూ సాయంత్రం పూట వెళ్లారు. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలత అప్పుడే చూడాలని షాపావిడ ముందే కబురు చేసింది. ఆవిడ బొంగరం పాత బూట్లు విప్పించి కౌంటరు మీద పక్కపక్కన పెట్టింది. మడమలు లోపలివైపు అరిగిపోయి, రెండూ తాగొచ్చిన అన్నదమ్ముల్లా ఒకదాని మీద ఒకటి వాలాయి. తడిపాదంతో అట్టముక్క మీద నిలబెడితే అరికాలు మొత్తం అచ్చుపడింది. మధ్యలో ఉండాల్సిన వంపు జాడే లేదు.

"పరిగెత్తితే మోకాలు లోపలివైపు నొప్పి పుడుతుందా అమ్మా?"

"పుడుతుంది. మీకెలా తెలుసు?"

"ఈ అరుగుదలకి పుట్టకపోతేనే వింత" అంటూ ఆవిడ రెండు జతలు తెచ్చింది. మొదటిది నీలం రంగు, నొక్కితే వేలు దిగిపోయేంత మెత్తన. రెండోది బూడిద రంగు, చూడ్డానికి మొరటు. మడమ చుట్టూ బిగువుగా ఉంది, లోపలి అంచున గట్టి స్పాంజి దట్టించి ఉంది.

వడ్రంగి నీలంవి చేతిలోకి తీసుకున్నాడు. "ఇవి తీసుకో. దూదిలా ఉన్నాయి, కాలికి సుఖం."

అతను అబద్ధమాడుతున్నాడు. ఒక పక్క కుంగే బల్లకి ఆ పక్కనే చెక్కముక్క దూర్చాలి కానీ కింద పరుపు వెయ్యకూడదని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. బూడిదవి వేసుకుంటే ఆమె కాళ్లు తిన్నగా పోతాయి. తిన్నగా పోయిన మనిషి వెనక్కి వస్తుందో రాదో ఎవరికి తెలుసు? అది తలుచుకుంటేనే అతనికి భయం వేసింది.

"వేసుకుని ఆ కరెంటు స్తంభం దాకా పరిగెత్తమ్మా" అంది షాపావిడ.

నీలం బూట్లలో బొంగరం సగం దూరం కూడా పోకుండానే ఇంటివైపు సందులోకి మళ్లిపోయింది. వడ్రంగి సైకిలేసుకుని వెళ్లి, గుమ్మం ముందు కొనని బూట్లతో సిగ్గుపడుతూ నించున్న భార్యని వెనక్కి తీసుకొచ్చాడు. ఈలోగా షాపావిడ ఇంకో బేరం ముగించింది.

తర్వాత బొంగరం బూడిదవి తొడుక్కుని నించుంది. వెంటనే మొహం చిట్లించింది. "ఇవి పాదాన్ని పక్కకి తోస్తున్నాయండీ. నా వల్ల కాదు." వంగి తాళ్లు విప్పబోయి ఆగింది. "మీరు చెప్పండి. కుర్చీలకి కాళ్లు బిగించేది మీరేగా. ఏవి తీసుకోను?"

వడ్రంగి నీలం జతని పక్కకి నెట్టాడు. తర్వాత ఆమె ముందు గొంతుక్కూర్చుని తాళ్లు మళ్లీ బిగించాడు.

"ఇవే. ఆ తోసేది నిన్ను నిలబెట్టడానికే. రెండ్రోజుల్లో అలవాటవుతుంది. వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉందా?"

"ఉంది."

"అయితే పరిగెత్తు."

ఆమె గీత గీసినట్టు వెళ్లి స్తంభాన్ని ముట్టుకుంది. ముట్టుకుని అక్కడే నిలబడిపోయింది. వెనక్కి తిరిగి రావడం ఆమెకి అలవాటు లేదు. వడ్రంగే వెళ్లి తీసుకొచ్చాడు.

పరీక్ష రోజున ఆమెని గేటు దగ్గర వదిలి, ఎప్పట్లాగే ఇంటికొచ్చి గుమ్మంలో పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నం దాటినా ఆమె రాలేదు. గెలిచిందన్నమాట. మొదట ఒళ్లు తెలీనంత సంతోషం వేసింది. ఎండ వాలేకొద్దీ ఆ సంతోషంలోకి భయం దూరింది.

"బొంగరం ఇంకా రాలేదేంటోయ్?" అన్నాడు పక్కింటి ముసలాయన.

"తిన్నగా వెళ్లింది బాబాయ్."

"మరి వెళ్లి తెచ్చుకో."

సైకిలు గోడకి ఆనించే ఉంది. వడ్రంగి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడు తను వెళ్లి తెచ్చుకుంటే, ఆమె తనంతట తాను వచ్చేదో కాదో ఇక ఎప్పటికీ తెలీదు. చేతిలోని చెక్కని చిత్రిక పట్టీ పట్టీ దేనికీ పనికిరానంత పల్చన చేశాడు.

పొద్దు వాలుతుండగా ఆమె వీధి మలుపులో కనిపించింది. ప్రతి ఇంటినీ తేరిపార చూస్తూ, మెల్లగా నడిచొస్తోంది. గుమ్మం దగ్గరికొచ్చి ఆగింది. మొహమంతా దుమ్ము, చెమట.

"వచ్చిందండీ ఉద్యోగం" అంది.

"ఇంతసేపు ఎక్కడున్నావ్?"

"ఇంటికి దారి తెలీలేదు. ఏనాడైనా చూసుకుంటేగా! రెండుసార్లు వేరే ఊరి బస్సెక్కి దిగాను. ఇక సిగ్గు విడిచి కనిపించిన ప్రతివాళ్లనీ అడిగాను, వడ్రంగి ఇల్లెటు అని."

వడ్రంగి చేతిలోని చెక్క కింద పెట్టి లేచాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె తనని వెతుక్కుంటూ రావడం ఇదే మొదటిసారి.