ఎనిమిదో తరగతి ఎత్తు

పొద్దున ఎనిమిదింటికల్లా వెల్డింగక్క షాపు తెరిచేది. సగం షాపు ఆమెది, సగం టైలరైన ఆమె భర్తది. నిప్పురవ్వలు గుడ్డల మీద పడకుండా మధ్యలో ఒక రేకు అడ్డం. రోడ్డుకి అవతల హైస్కూలు. తొమ్మిదో తరగతి చదివే కూతురు సరిగ్గా గంట మోగాకే చెప్పులు వెతుక్కుని ఒక్క పరుగున రోడ్డు దాటేది.

ఆ హైస్కూల్లో చదివినవాళ్లు ఎవరైనా సరే, గేటు దాటి లోపలికి అడుగుపెడితే, చివరిసారి క్లాసులో కూర్చున్న రోజున ఎంత ఒడ్డూ పొడవూ ఉన్నారో అంతే అయిపోయేవాళ్లు. మీసాలు మీసాల్లాగే ఉండేవి, నెరిసిన జుట్టు నెరిసినట్టే ఉండేది. బయటికొస్తే మళ్లీ మామూలే. లోపల పనున్నవాళ్లు ముందు టైలరు దగ్గర ఆగి ప్యాంటు మడతలు కుట్టించుకుని వెళ్లేవాళ్లు, అంతే.

వెల్డింగక్క మాత్రం ఇరవై రెండేళ్లుగా ఆ గేటు దాటలేదు. వాళ్ల నాన్న చెయ్యి మిషన్లో పడి నలిగిపోతే, ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు మూసేసి షాపులో కూర్చుంది. ఇప్పుడు లోపలికెళ్తే కూతురి చెవి దాకా వస్తుందో రాదో. అందుకే పేరెంట్స్ మీటింగులకి మొగుణ్ణి తోలేది. "నీకేమయ్యా, వేరే ఊళ్లో చదివావు. ఎంత పొడుగు వెళ్తావో అంత పొడుగూ తిరిగొస్తావు" అనేది.

ఆ ఏడు వానలకి బడి కప్పు కారి, పిల్లలు గొడుగులు వేసుకుని పరీక్ష రాశారు. ఇంజనీరొచ్చి, కప్పుని మోసే ఇనప దూలాలన్నీ తుప్పుపట్టి కుళ్లాయి, మొత్తం కప్పు విప్పి కొత్తది వెయ్యాల్సిందేనన్నాడు. ఊళ్లో ఒక్కో ఇంటికి పన్నెండు వేలు పడుతుందన్నారు. కాదంటే బడి మూసేసి, పిల్లల్ని పదహారు కిలోమీటర్ల అవతలి బడికి పంపాలి. ఆదివారం పదింటికి బడి హాల్లోనే మీటింగు. అక్కడే చేతులెత్తి తేల్చుకోవాలి.

"అమ్మా, నువ్వూ రావాలి" అంది కూతురు.

"నాన్న వస్తున్నాడుగా."

"నాన్నకి ఇనుము గురించి ఏం తెలుసు, సూది తప్ప?"

రేకు అవతల టైలరు దగ్గాడు. అక్కకి అప్పటికే ఒక అనుమానం తొలుస్తోంది. పద్దెనిమిది ఇనప దూలాలు అన్నీ ఒకేసారి ఎలా కుళ్లిపోతాయి? ఆదివారం పొద్దున భర్త చేత ప్యాంటుకి నాలుగు మడతలు కుట్టించుకుంది. కళ్లు మూసుకుని గేటు దాటింది. తెరిచేసరికి చొక్కా మోకాళ్ల మీదికి వేలాడుతోంది.

హాలు కిటకిటలాడుతోంది. ఎవరెంతదాకా చదివారో నిలబడితే తెలిసిపోతోంది. కిరాణా కొట్టాయన ఏడో తరగతి ఎత్తులో, బట్టతలతో, బెంచీ ఎక్కి అరుస్తున్నాడు.

"పన్నెండు వేలే! కప్పేమన్నా బంగారంతో వేస్తున్నారా?"

"నీకు పిల్లల్లేరు కాబట్టి అంటావు" అంది ఆస్పత్రి నర్సమ్మ. "నా కూతురు రోజూ రెండు బస్సులు మారాలా?"

"నీ కూతురి కోసం ఊరంతా అప్పులపాలవ్వాలా?"

హెడ్‌మిస్ట్రెస్ బల్ల చరిచీ చరిచీ అరచెయ్యి ఊదుకుంటోంది. ఆ గోలలో అక్క కూడా ఒక బెంచీ ఎక్కింది.

"ఇంజనీరు సార్, దూలాల్ని దగ్గర్నుంచి చూశారా?"

ఇంజనీరు పొరుగూరివాడు, బడి లోపలా నిలువెత్తు మనిషే. "ఎలా చూస్తానమ్మా? సీలింగుకీ కప్పుకీ మధ్య మనిషి పట్టడు. పైకెళ్లే కన్నం అడుగుంబావే. మరకలు చూసి అంచనా వేశాం."

"నేను పడతాను" అంది అక్క.

అందరూ ఆమెని పైనుంచి కిందికి చూశారు. అవును, పడుతుంది. నిచ్చెనొచ్చింది, టార్చొచ్చింది, సుత్తి వచ్చింది. "జాగ్రత్తే!" అన్నాడు టైలరు, నిచ్చెనని రెండు చేతులా వాటేసుకుని.

లోపల పావురాల రెట్టలు, ముక్కు పగిలే దుమ్ము. అక్క దేకుతూ వెళ్లి మొదటి దూలాన్ని కొట్టింది. మంచి ఇనుము మోగుతుంది, కుళ్లింది మూలుగుతుంది. ఆ తేడా ఆమెకి పదమూడో ఏట నుంచీ తెలుసు.

ఖణ్!

"ఒకటి, మంచిది!" కింద నుంచి కూతురు కేక.

ఖణ్! ఖణ్! నాలుగోది మోగేసరికి హాలంతా లెక్కపెడుతోంది. ఏడోది దబ్‌మంది. "అయ్యో" అన్నారు నూట యాభై మంది ఒక్కసారే. ఎనిమిది, దబ్. నర్సమ్మ కిరాణా ఆయన చెయ్యి పట్టుకుంది. తొమ్మిది, ఖణ్! పది, ఖణ్! చీకట్లో, దుమ్ములో, చిన్నపిల్ల ఒంటితో అక్క దేకుతోంది, తన కింద ఊరంతా ఊపిరి బిగపట్టి వింటోంది. పద్దెనిమిదోది ఖణేల్‌మనగానే కిరాణా ఆయన బెంచీ మీద గెంతాడు.

పద్నాలుగు మంచివి. నాలుగే పోయాయి.

ఇంజనీరు నిజాయితీపరుడే. ఆమె చెప్పిన గుర్తులన్నీ రాసుకుని, అక్కడే కాయితం మీద లెక్కేసి, "ఇలాగైతే ఇంటికి మూడు వేలు దాటదండీ" అన్నాడు. చేతులు లేచాయి. కిరాణా ఆయన రెండూ ఎత్తితే ఒకటి దించమన్నారు.

ఆ సందులోకి దూరి వెల్డింగు చెయ్యగలిగింది ఊరి మొత్తానికి ఒక్క మనిషే. అక్క కూలి దగ్గర ఒక్క రూపాయి తగ్గలేదు. పనివాళ్ల వివరాలు రాసుకోవడానికి కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్, ఆమె ఎనిమిదో తరగతి మధ్యలోనే బడి మానేసిందని తెలిసి, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగింది.

"మీరు టీసీ తీసుకోలేదు."

"అప్పుడు ఎవరికి తోచిందండీ?"

"మీ పేరు ఎవరూ కొట్టెయ్యలేదు. రూలు ప్రకారం మీరింకా ఎనిమిదో తరగతే. ఇరవై రెండేళ్ల నుంచి ఆబ్సెంటు."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. అక్క నవ్వలేదు.

"రేపు వస్తే?"

"వస్తే ప్రెజెంటు వేస్తాను" అంది హెడ్‌మిస్ట్రెస్. ఆవిడా నవ్వలేదు.

బడి అయ్యాక కప్పు పని, బడి వేళకి బడి అని ఒప్పందం. సోమవారం అక్క మూడో బెంచీలో కూర్చుంది. బెంచీ సరిగ్గా సరిపోయింది, కాళ్లు నేలకి ఆనాయి. పక్కపిల్ల తన స్కేలు మధ్యలో పెట్టి, "కావాలంటే వాడుకోండి" అంది. ఆమె కన్నా పదేళ్లు చిన్నదైన లెక్కల టీచరు "మీరు... నువ్వు..." అని తడబడితే, "నువ్వనే అనండి టీచర్" అంది.

అంతలో కిటికీలోంచి కూతురు తల పెట్టి, "అమ్మా, నేను నీకు సీనియర్ని, గుర్తుంచుకో!" అని అరిచింది.

"క్లాసు జరుగుతోంది, ఫో!" అని గదిమి, అక్క గబగబా బోర్డు మీది లెక్క నోట్సులోకి ఎక్కించుకోసాగింది.